నడక, ప్రార్థన, రాజకీయం: కుదిరిన పద్ధతి

ఉదయం నడుస్తూ ఫోన్‌లో రాజకీయ చర్చలు వింటే ప్రార్థన మీద మనసు నిలవదు, నడకా మందగిస్తుంది. ఫోన్ ఇంట్లో వదిలేయడంతోనే సగం ఇబ్బంది తీరింది.

నడకలో ధ్యానించే వాక్యానికి బైబిల్లోని 119వ కీర్తన చక్కగా సరిపోయింది. మొత్తం 176 వచనాలు, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు. రోజుకొక భాగం ముందురోజు రాత్రే అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసుకోవాలి. నడుస్తూ చదివితే కాలు తడబడుతుంది. ఆగి ఒక వచనం చూసుకుని, దాన్నే చెప్పుకుంటూ సాగాలి.

నడక 5 నిమిషాలు నెమ్మదిగా, 30 వేగంగా, చివర 5 మళ్లీ నెమ్మదిగా. వారానికి ఐదు రోజులైతే వేగపు నడకతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు పూర్తవుతాయి. వేగంగా నడిచేటప్పుడు వచనం పలకగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. హాయిగా పాడగలిగితే వేగం చాలనట్టే.

చివరి నెమ్మది నడకలో పాలకుల కోసం ప్రార్థన, బైబిల్లో 1 తిమోతి 2:1-2 చెప్పినట్టు. మనం ఓటెయ్యని ఎమ్మెల్యే పేరూ తప్పక పలకాలి. కోపం కరిగేది అక్కడే. అయితే ప్రార్థనతో ఆగకూడదు. వీధి కాలువ గురించి ప్రార్థిస్తే దాని మీద అర్జీ కూడా రాయాలి. తెలంగాణలో అయితే, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, రసీదు దాచుకోవాలి.

ఉపవాసం రోజున ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారు డాక్టర్‌ని అడగకుండా వేగంగా నడవకూడదు, చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.