తాబేలు పక్కన ఈదాలంటే

స్కూబా డైవింగ్‌లో, అంటే సిలిండర్ గాలి పీలుస్తూ నీటి లోపల ఈదేటప్పుడు, కిందికి దిగుతూ చెవుల్లో ఒత్తిడిని నొప్పి పుట్టకముందే సర్దుకోవాలి: ముక్కు మూసి మెల్లగా ముక్కులోకే గాలి ఊదుతూ, మీటరుకోసారి. మొదటి 10 మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది, చెవులు మొరాయించేదీ అక్కడే. అప్పుడు ఒక మీటరు పైకి రండి, గట్టిగా మాత్రం ఊదకండి.

తాబేలు కనబడగానే అందరూ ఎగబడతారు, అదేమో పారిపోతుంది. పక్కగా, దూరంగా ఆగండి. దాని పైన అడ్డు నిలవొద్దు, ఊపిరికి అది పైకి రావాలి. ఫిన్ల (కాళ్ళకు తొడిగే ఈత రెక్కల) అంచు తగిలితే పగడాలు విరుగుతాయి. మోకాళ్ళు వంచి కప్పలా తన్నండి.

సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ (ఒత్తిడి కొలమానం) ఉంటే 100 దగ్గర వెనుదిరగండి, 50 మిగిలుండగా పడవెక్కండి. ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు. నిమిషానికి 9 మీటర్లు మించకుండా లేస్తూ, 5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగాలి. రెండు డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు, టికెట్టు ముందే చూసుకోండి.