వానాకాలంలో అల్యూమినియం బ్రేజింగ్: టార్చ్ ముట్టించే ముందు జాగ్రత్తలు

జూన్‌లో వానలు దిగాయంటే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఫ్రిజ్, ఏసీ రిపేరు షెడ్లలో బ్రేజింగ్, అంటే పైపును కరగనివ్వకుండా రాడ్‌ను మాత్రమే కరిగించి వేసే అల్యూమినియం అతుకులు, మొరాయిస్తాయి. వేసవిలో చక్కగా పట్టిన రాడ్డే ఇప్పుడు గోళీలా ఉండకట్టి జారిపోతుంది. చాలాసార్లు తప్పు చేతిది కాదు, చెమ్మది.

దమన్‌జోడి నుంచి విశాఖ రేవుకు వెళ్లే తెల్లటి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి ఉంది చూశారూ, ప్రతి అల్యూమినియం ముక్క మీదా కంటికి ఆనని పొరగా ఉండేది అదే పదార్థం. లోపలి లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది. పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. మంట పెంచితే పొర పోదు, పైపే జారుతుంది. పొరను తీసే పని అతుకు మీద పూసే ఫ్లక్స్ అనే రసాయనానిది, అందుకే ముందు దాన్ని కాపాడుకోవాలి.

క్లోరైడ్ ఫ్లక్స్ గాలిలోని తేమను పీల్చేస్తుంది. మూత తీసి వదిలేసిన డబ్బాలో పొడి ముద్దకట్టిందంటే పారేయండి, ఎండబెట్టి వాడొద్దు. ఆ తేమ వేడికి విడిపోయి హైడ్రోజన్‌గా అతుకులోకి చేరి బుడగలు వదులుతుంది. పైగా పని అయ్యాక మిగిలిన క్లోరైడ్‌ను వేడినీళ్లతో బ్రష్ పెట్టి కడగకపోతే తెల్లగా పొంగి పైపును తినేస్తుంది. ఈ కాలంలో నొకోలాక్ లాంటి ఫ్లోరైడ్ ఫ్లక్సే మేలు, కడగాల్సిన పని లేదు. దాని పొగ మాత్రం పీల్చకూడదు, గాలి ఆడాలి. ఫ్లక్స్ నిండిన రాడ్ చుట్టలను సిలికా జెల్‌తో కలిపి గట్టి మూత డబ్బాలో ఉంచండి.

రాడ్ ఎంపికలోనే సగం పని ఉంది. 12 శాతం సిలికాన్ రాడ్ 577–582 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అతుకు గట్టిది. అల్యూమినియం మిశ్రలోహాల్లో 3003 రకం పైపు 643 దగ్గర కరగడం మొదలవుతుంది కాబట్టి సర్దుకోవచ్చు. 6061 రకం 582కే మెత్తబడుతుంది, అక్కడ ఈ రాడ్ పెడితే పైపు మిగలదు. జింక్ 78, అల్యూమినియం 22 పాళ్ల రాడ్ 426–482 మధ్య కరుగుతుంది. కొత్త చేతులకు ఇదే నయం, సీజియం ఉన్న ఫ్లక్స్‌తో వాడాలి. దీంతోనూ మంట ఎక్కువసేపు నిలపొద్దు, కరిగిన జింక్ పలుచటి పైపును కొరికేస్తుంది. రాగి–అల్యూమినియం అతుక్కి సిలికాన్ రాడ్ అసలు వద్దు. రాగి, అల్యూమినియం కలిస్తే 548కే కరిగిపోతాయి. జింక్ రాడ్‌తో, మంటను ఎక్కువగా రాగి వైపు పెట్టి చేయాలి. చల్లారాక వేడికి ముడుచుకుని బిగిసే, జిగురున్న హీట్ ష్రింక్ తొడుగు వేయండి. తేమలో ముందు తుప్పు పట్టేది ఆ చోటే.

వరస ముఖ్యం. ముందు అసిటోన్‌తో జిడ్డు తుడవాలి, తర్వాతే అల్యూమినియానికి వేరుగా ఉంచుకున్న స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రష్‌తో రుద్దాలి. తిరగేస్తే బ్రష్ జిడ్డును లోహంలోకి దిగ్గొడుతుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడొద్దు, వేడికి విషవాయువు పుడుతుంది. చల్లటి పైపు మీద మంట పెట్టగానే నీటి ఆవిరి పడుతుంది. 100–120 డిగ్రీల దాకా వేడిచేసి ఆరనిచ్చి, ఇంకోసారి బ్రష్ ఆడించి, వెంటనే ఫ్లక్స్ పూయండి. అతికే ముక్కల మధ్య సందు 0.1–0.15 మిల్లీమీటర్లు చాలు. అల్యూమినియం ఇనుములా ఎర్రబడదు, హెచ్చరించకుండానే కూలిపోతుంది. ఫ్లక్స్ నీళ్లలా తేటపడిందా చూడండి. అప్పుడు రాడ్‌ను మంటకు కాదు, పైపుకు తాకించాలి. పట్టగానే మంట తీసేయండి. నీళ్లు పోసి చల్లార్చొద్దు.

వాన జల్లు కొడుతోందని షట్టర్ దించి పని చేయడం అన్నిటికన్నా ప్రమాదం. కొత్త ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్600ఎ గ్యాస్ మండేది, గాలికన్నా బరువైనది, నేల మీదే పేరుకుంటుంది. స్టిక్కర్ చదివి, ఆ గ్యాస్‌ను నిప్పుకు దూరంగా ఆరుబయట వదిలి, నైట్రోజన్‌తో లైను ఊది, పైపు కట్టర్‌తోనే కోయండి, టార్చ్‌తో కాదు. ఆర్22, ఆర్134ఎ లాంటి వేరే కూలింగ్ గ్యాస్‌లు మిగిలి ఉన్నా మంటలో విషవాయువులవుతాయి. తడి సిమెంటు నేల మీద కరిగిన లోహం పడితే పెచ్చులు పేలి ఎగురుతాయి, కింద పొడి ఫైర్ ఇటుకలు పరవండి. మూసుకున్న బోలు భాగానికి గాలి రంధ్రం లేకుండా వేడి పెట్టొద్దు. ప్రెజర్ కుక్కర్లకు, పెట్రోల్ ట్యాంకులకు ఈ పని చేయనే కూడదు. మెగ్నీషియం ఎక్కువున్న 5052, 5083 రకాలను మామూలు ఫ్లక్స్ పట్టుకోదు, వాటిని టిగ్ (ఆర్గాన్ గ్యాస్ రక్షణలో చేసే కరెంటు) వెల్డింగ్‌కు పంపండి.

లీకు పరీక్షకు నైట్రోజన్, సబ్బునీళ్లు చాలు. ఆక్సిజన్ ఎప్పుడూ వద్దు, కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుతుంది. ఒత్తిడి నేమ్ ప్లేట్ మీది లో సైడ్ (తక్కువ ఒత్తిడి వైపు) అంకెను దాటొద్దు. తెరిచిన పైపు మూతుల్ని వెంటనే మూసేయండి, లేకుంటే లోపలికి చేరిన చెమ్మ కేపిలరీ అనే సన్నటి గొట్టంలో గడ్డకట్టి చోకింగ్ (అడ్డు) తెస్తుంది. లైనులో చెమ్మ పీల్చే కొత్త డ్రయర్ ప్యాకెట్‌ను అతుకు పెట్టే క్షణం దాకా చించొద్దు. వాక్యూమ్ గేజ్ 500 మైక్రాన్ల (లోపల మిగిలిన ఒత్తిడి కొలత) కిందికి దిగి, పంపు ఆపాక కూడా అక్కడే నిలబడితేనే గ్యాస్ ఛార్జ్ చేయండి.