ఉద్యోగ వేటలో ధైర్యం సడలుతోందా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

ఉద్యోగం వెతుక్కునేటప్పుడు మనసు కుంగడానికి చాలాసార్లు పట్టుకోదగ్గ కారణమే ఉంటుంది. రోజుకి ఒక వేళాపాళా ఉండదు, పంపిన రెజ్యూమెలు ఏమయ్యాయో తెలియదు, చేతిలో డబ్బు ఎన్నాళ్లొస్తుందో లెక్క తేలదు. ఆ కారణాన్ని అలాగే ఉంచి ‘ధైర్యంగా ఉండాలి’ అని ఎంత అనుకున్నా సాయంత్రానికి మళ్లీ అదే దిగులు. అందుకే ఇక్కడ బయటికి కనిపించే లక్షణంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్తున్నాం. మీకు వర్తించే చోట ఆగి, అక్కడ చెప్పింది రెండు వారాలు చేయండి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు. ప్రైవేటు ఉద్యోగాలు వెతికేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది: అమీర్‌పేటలో కోర్సు ముగించిన ఫ్రెషర్లు, లేఆఫ్‌లో పని పోయినవాళ్లు, పిల్లల కోసం కొన్నేళ్లు ఆగి మళ్లీ వెతుకుతున్న తల్లులు. నిద్ర, తిండి రెండూ దెబ్బతిని రెండు వారాలు దాటితే ముందు చివరి భాగం చదవండి.

రోజంతా ఖాళీయే, అయినా ఏ పనీ కావడం లేదు

ఇది బద్ధకం కాదు. 1929-30లో ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడి, దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంది. మరీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే పరిశోధకుల బృందం అక్కడి జీవితాన్ని దగ్గరగా గమనించింది. చదువుకోవడానికి బోలెడు తీరిక దొరికినా, గ్రంథాలయంలో పుస్తకాలకు రుసుము తీసేసినా, జనం తీసుకెళ్లే పుస్తకాలు 1929 నుంచి 1931కి దాదాపు సగానికి పడిపోయాయి. వీధిలో మగవాళ్ల నడక కూడా నెమ్మదించింది. ఉద్యోగం జీతంతో పాటు రోజుకి ఒక క్రమాన్ని, ఇంటి బయటి మనుషులను, నలుగురితో కలిసి చేసే పనిని, సమాజంలో ఒక చోటును కూడా ఇస్తుందని యహోడా తర్వాత వివరించారు. జీతం ఆగింది మనకు కనిపిస్తుంది. మిగతావన్నీ దానితోపాటే ఆగిపోయాయని తట్టదు.

కాబట్టి వాటిని చేత్తో కట్టుకోవాలి. మొదటి వారం రెండే పెట్టుకోండి: లేచే సమయం, పనికి మొదటిసారి కూర్చునే సమయం. ఉదయం 9:30 నుంచి 11:30 వరకు దరఖాస్తులు, ఫోన్లు. అది నిలిచాక రెండో వారంలో మధ్యాహ్నం 2:30 నుంచి 4:30 వరకు ప్రాక్టీసు కలపండి. రోజుకి నాలుగు గంటలు నిజంగా చేస్తే చాలు. పది గంటల టైంటేబుల్ గోడకి అంటించినవాళ్లకి అది మూడో రోజే కూలుతుంది, పైగా ‘ఇదీ చేతకాలేదు’ అన్న బాధ అదనం. వీలైతే ఇంట్లో కూర్చోకండి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలోనో, విశాఖ పౌర గ్రంథాలయంలోనో, మీ ఊరి శాఖా గ్రంథాలయంలోనో పక్కన నలుగురు చదువుకుంటుంటే మన చేయీ కదులుతుంది. సాయంత్రం అరగంట నడక, ఆదివారం పూర్తిగా సెలవు. సెలవు లేని వేట నెల తిరక్కుండానే విసుగు పుట్టిస్తుంది.

వందల దరఖాస్తులు పెట్టాను, ఒక్క జవాబూ లేదు

అన్నిటికంటే ఎక్కువ మందిని కుంగదీసేది ఈ మౌనం. ‘నేను పనికిరానని తేల్చేశారు’ అని మనసు చదువుకుంటుంది. చాలాసార్లు ఆ రెజ్యూమెను మనిషి తెరిచి చూసి ఉండడు. మౌనంలోంచి సమాచారం రావాలంటే ముందు లెక్క రాయాలి. ఒక నోట్‌బుక్కో, ఎక్సెల్ షీటో చాలు: తేదీ, కంపెనీ, పోస్టు, ఎక్కడ చూశారు, ఏ రెజ్యూమె పంపారు, ఎవరితో మాట్లాడారు, ఇప్పుడు ఏ దశ, తర్వాతి పని ఎప్పుడు. రెండు వారాలు జవాబు లేకపోతే ‘ముగిసింది’ అని రాసి ఆ వరుస వదిలేయండి. వాళ్లు తర్వాత పిలిస్తే పిలుస్తారు, మీరు మాత్రం ఎదురుచూడడం మానండి. ఇరవై ముప్పై వరుసలు నిండేసరికి ఎక్కడ ఆగుతోందో కనిపిస్తుంది.

ఫోన్లే రావడం లేదంటే తప్పు సాధారణంగా రెజ్యూమెలోనో, పోర్టల్ ప్రొఫైల్‌లోనో ఉంటుంది. రెండు నిలువు వరుసలు, ఫొటో, బాక్సులు, స్కిల్‌కి నక్షత్రాలు ఉన్న టెంప్లేట్లు కంటికి బాగుంటాయి కానీ కంపెనీలు రెజ్యూమెలు వడపోసే సాఫ్ట్‌వేర్ వాటిని కలగాపులగంగా చదవొచ్చు. పరీక్ష సులువు: పీడీఎఫ్ తెరిచి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ మీ ఉద్యోగాల వరుస చెదిరితే కంపెనీ సిస్టమ్‌లోనూ చెదిరే అవకాశం ఉంది. ఒకే వరుస, మామూలు అక్షరాలు, ఫ్రెషర్‌కి ఒక పేజీ, అనుభవం ఉంటే రెండు. ప్రకటనలో ‘జీఎస్టీ రిటర్న్స్’ అని ఉండి, ఆ పని మీరు చేసి ఉంటే, ‘టాక్సేషన్’ అని కాక అదే మాట రాయండి.

నౌక్రీ లాంటి పోర్టళ్లలో రిక్రూటర్లు నైపుణ్యం, అనుభవం, ఊరు, నోటీస్ పీరియడ్ (ఉన్న ఉద్యోగం వదలడానికి పట్టే గడువు), ఈమధ్య ప్రొఫైల్ వాడారా లేదా అన్న వడపోతలతో వెతుకుతారు. నోటీస్ పీరియడ్ గడి ఖాళీగా ఉన్నా, ఇష్టపడే ఊరు దగ్గర పాత ఊరే ఉండిపోయినా ఆ వెతుకులాటలో మీరు కనబడకపోవచ్చు. అన్ని గడులూ నింపండి, వారానికి రెండుసార్లు ఉదయం ప్రొఫైల్ తెరిచి ఏదో ఒకటి నిజంగా మెరుగుపరచండి. ఇంకో చిన్న సంగతి: తెలియని నంబర్లను బ్లాక్ చేసే సెట్టింగ్ మీ ఫోన్లో ఉందేమో చూసుకోండి. రిక్రూటర్ల కాల్స్ వచ్చేది తెలియని నంబర్ల నుంచే.

మార్పు చేశాక రోజుకి నాలుగైదు సరిపోలే పోస్టులకే పంపి, ఇరవై నిండాక పాత ఇరవైతో పోల్చండి. ఇరవైకి ముందే ‘ఇదీ పనిచేయలేదు’ అనుకుని మళ్లీ మార్చేస్తే దేనివల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు.

ఫోన్లు వచ్చి మొదటి రౌండ్‌లోనే ఆగిపోతుంటే రెజ్యూమె పని చేస్తోందన్నమాట, దాన్ని ముట్టుకోవద్దు. అక్కడ కావాల్సింది మాట. మీ పరిచయం 90 సెకన్లలో ముగిసేలా ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ప్రాజెక్టులోనో ఉద్యోగంలోనో జరిగిన ఆరు సందర్భాలు సిద్ధం చేసుకోండి: సమస్య ఏమిటి, మీరు స్వయంగా ఏం చేశారు, ఫలితం అంకెల్లో ఎంత. ఇంగ్లీషు తడబడుతుందని భయపడేవాళ్లు ఈ ఆరింటినీ రోజుకి ఒకటి చొప్పున పైకి చెప్పుకుంటే భాష, విషయం రెండూ కుదురుకుంటాయి.

చివరి రౌండ్ వరకు వెళ్లి ఆగిపోతుంటే జీతం అంకె, చేరే తేదీ, మధ్యలో వచ్చిన విరామం మీద మీరిచ్చే జవాబులు చూసుకోండి. విరామాన్ని రెండు వాక్యాల్లో చెప్పండి: ఎందుకు ఆగారు, ఆ సమయంలో ఏం నేర్చుకున్నారు. దాన్ని కప్పడానికి దొంగ అనుభవం పెట్టించుకోవద్దు. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీ మీకు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పీఎఫ్ కట్టిందో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది చూస్తే చేరిన తర్వాత కూడా ఉద్యోగం పోవచ్చు. దొరికిపోతామేమోనన్న భయం ఎలాగూ ఉంటుంది, అది ఇప్పటి దిగులు కంటే బరువైనది.

ఒక్క రిజెక్షన్‌తో నాలుగు రోజులు పోతున్నాయి

ఆశంతా ఒకే కంపెనీ మీద పెట్టడం వల్ల ఇలా జరుగుతుంది. ఫలితం చెప్పేవరకు మిగతా దరఖాస్తులు ఆపేస్తాం, కాదన్నాక సున్నా నుంచి మొదలు. ఇంటర్వ్యూ ముగిసిన రోజే ఇంకో రెండు చోట్ల దరఖాస్తు పెట్టాలన్నది నియమంగా పెట్టుకోండి. అరగంటలోపు వాళ్లడిగిన ప్రశ్నలు, తడబడినవి రాసుకోండి. సాయంత్రానికి సగం మరిచిపోతాం. ‘మేమే చెప్తాం’ అన్నవాళ్లకి ఐదు పనిదినాల తర్వాత ఒక మెయిల్, ఇంకో వారానికి మరొకటి పంపి, ఆపై లెక్కలో మూసేయండి.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నిరుద్యోగుల కోసం తయారుచేసిన ‘జాబ్స్’ అనే శిక్షణలో, ఎదురుదెబ్బలు తగలకముందే వాటిని ఊహించుకుని ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవడం ఒక ముఖ్యభాగం. ఆ శిక్షణ పొందినవాళ్లకు ఉద్యోగాలు త్వరగా దొరకడంతో పాటు కుంగుబాటు కూడా తగ్గిందని వాళ్ల అధ్యయనాలు చూపించాయి. ఇంట్లో చేయదగ్గ రూపం ఇది: ‘కాదు అని మెయిల్ వస్తే ఆ పూట ఫలానా స్నేహితుడికి ఫోన్ చేస్తాను, మర్నాడు 9:30కి యథావిధిగా కూర్చుంటాను’ అని ఇప్పుడే రాసి పెట్టుకోండి. మనసు విరిగిన పూట కొత్తగా నిర్ణయాలు తీసుకోలేం.

ఆఫర్ లెటర్ వచ్చినా జాయినింగ్ తేదీ నెలల తరబడి వాయిదా పడుతున్న ఫ్రెషర్లదీ ఇదే సమస్య. చేరేరోజు వరకు వేట ఆపకండి.

పాత కంపెనీ మాట రాగానే గొంతు మారిపోతోంది

లేఆఫ్ అయినవాళ్లలో ఇది మామూలు. అవమానం, కోపం లోపల ఉండిపోయి, ‘ఎందుకు మానేశారు?’ అన్న ప్రశ్నకి బయటపడతాయి. ఎదుటివాళ్లకి కారణం తెలియదు, కోపం మాత్రం తెలుస్తుంది. 1994లో అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్‌బేకర్ బృందం, ఉద్యోగాలు పోయిన వృత్తినిపుణుల చేత వరసగా ఐదు రోజులు, రోజుకి 20 నిమిషాలు, ఆ సంఘటన గురించి మనసులో ఉన్నదంతా రాయించింది. అలా రాయనివాళ్లతో పోలిస్తే, రాసినవాళ్లలో ఎక్కువ మందికి త్వరగా పని దొరికింది. వాళ్లు మిగతావారికంటే ఎక్కువ ఉత్తరాలు పంపిందీ లేదు, ఎక్కువ మందిని కలిసిందీ లేదు. తెలుగులోనే, కాగితం మీద, ఎవరికీ చూపించకుండా రాయండి. తర్వాత చింపేసినా ఫరవాలేదు. ఆరో రోజు ఒకే వాక్యం తయారుచేసుకోండి: ‘మా ప్రాజెక్టు ఆగిపోయి టీమ్ మొత్తాన్ని తీసేశారు, ఆ ప్రాజెక్టులో నేను చేసిన పని ఇది.’ అక్కడితో పాత కంపెనీ సంగతి ముగించి, పని సంగతిలోకి వెళ్లండి.

చుట్టాలకి భయపడి ఫంక్షన్లకే వెళ్లడం లేదు

‘ఏమ్మా, ఏమైనా వచ్చిందా?’ అన్న ప్రశ్నకి జవాబు సిద్ధంగా లేకపోవడమే ఇక్కడ చిక్కు. తప్పించుకుంటే నష్టం రెండింతలు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన దగ్గర్నుంచీ తెలిసిన విషయం: ఉద్యోగం కబురు మనతో రోజూ ఉండేవాళ్ల కంటే ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ల నుంచి ఎక్కువగా వస్తుంది. మనకు తెలిసిందే దగ్గరివాళ్లకీ తెలుసు, దూరపువాళ్లు మసలేది వేరే చోట. పెళ్లి భోజనాల దగ్గర కలిసేది అలాంటివాళ్లే.

జవాబు ఇలా ఉండొచ్చు: ‘వెతుకుతున్నాను బాబాయ్, అకౌంట్స్‌లో, హైదరాబాద్ గానీ విజయవాడ గానీ. మీ ఆఫీసులో హెచ్‌ఆర్ ఎవరైనా తెలిస్తే నంబరివ్వండి, నేను మాట్లాడుకుంటాను.’ పోస్టు, ఊరు, చిన్న సాయం మూడూ ఉన్నాయి, జాలి అడగలేదు. ‘ఏదైనా ఫరవాలేదు, చూడండి’ అంటే ఎవరూ ఏమీ చూడలేరు.

ఇంట్లో అమ్మానాన్నలు రోజూ అడుగుతున్నారంటే వాళ్లకి ఏమీ తెలియడం లేదని అర్థం. ఆదివారం పావుగంట కూర్చుని మీ లెక్క చూపించండి: ఈ వారం ఎన్ని పంపాను, ఎన్ని ఫోన్లు వచ్చాయి, వచ్చేవారం ఏమిటి. మిగతా ఆరు రోజులు అడగొద్దని ప్రేమగానే చెప్పండి.

లింక్డ్‌ఇన్‌లో క్లాస్‌మేట్ల ఆఫర్లు చూసి దిగులు పడేవాళ్లు ఫీడ్ తెరవకుండా నేరుగా జాబ్స్ విభాగంలోకి వెళ్లండి. అలర్టులు పొద్దున, మధ్యాహ్నం రెండే సార్లు చూడండి.

డబ్బు భయంతో ఏది దొరికితే అది చాలనిపిస్తోంది

ముందు లెక్క తేల్చండి. అద్దె, సరుకులు, ఈఎంఐ, ఫీజులు, మందులు: తప్పనిసరి నెల ఖర్చు ఎంత? చేతిలో ఉన్నదాన్ని దానితో భాగించండి. లక్షా ఇరవై వేలుండి నెలకి ఇరవై వేలైతే ఆరు నెలలు. అందులో మూడింట రెండు వంతులు గడిచే తేదీని, అంటే నాలుగో నెల చివరను, క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ తేదీ వరకు మీ రంగంలోనే వెతకండి, దాటితే తాత్కాలికంగా ట్యూషన్లో, డేటా ఎంట్రీయో, దగ్గర్లో దొరికిన పనో పట్టి, వేట రోజుకి రెండు గంటలకు తగ్గించండి. నిర్ణయం ముందే ఉంటే ప్రతి రాత్రీ అదే ఆలోచనతో నిద్ర పాడవదు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే ఆగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆఖరి రోజుకి ముందే వ్యక్తిగత పాలసీ సంగతి చూసుకోండి.

ఈ భయంలో ఉన్నవాళ్ల కోసమే మోసగాళ్లు కాచుకుని ఉంటారు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ‘బ్యాక్‌డోర్’ సీటు, టెలిగ్రామ్‌లో టాస్కులు, ఏ పేరుతోనైనా సరే, ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడిగితే అక్కడే ఆపండి. పోయిన డబ్బు కంటే మనిషిని ఎక్కువగా కూల్చేది ఆ తర్వాతి సిగ్గు. పొరపాటున కట్టేస్తే దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. గల్ఫ్‌కి వెళ్లాలనుకునే జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వాళ్లు ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఉందో లేదో చూశాకే పాస్‌పోర్టు చేతికివ్వండి. కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్‌లో, తెలంగాణ డిజిటల్ ఉపాధి కేంద్రం ‘డీట్’లో పేరు నమోదు ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే జాబ్ మేళాలు ఉన్నాయి.

ఏం చేసినా ఏమీ అనిపించడం లేదు

రెండు వారాలకి పైగా దాదాపు రోజూ దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా లేవలేకపోవడం, ఆకలి మారడం, ‘నేను బరువైపోయాను’ అన్న ఆలోచన. ఇవి కలిసి ఉంటే టైంటేబుల్‌తో సరయ్యేది కాదు. ఇది వైద్యానికి లొంగే కుంగుబాటు కావచ్చు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్రం ప్రారంభించిన సేవ ఇది, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి గానీ, హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలలకు గానీ వెళ్లొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఒకరికి చెప్పి వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ చేయండి. అలాంటి మాట మీ తమ్ముడో స్నేహితురాలో అంటే ‘పిచ్చి మాటలు మాట్లాడకు’ అనకుండా, పూర్తిగా విని మీరే ఫోన్ కలిపి ఇవ్వండి.

వైద్యం తీసుకుంటూ ఉద్యోగం వెతుక్కోవచ్చు, ఇంటర్వ్యూలకి వెళ్లొచ్చు. కొన్ని మందులు మొదట్లో మగత తెస్తాయి కాబట్టి, ఇంటర్వ్యూ తేదీ ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి, మందు వేసుకునే వేళ ఆయనే చూసి మారుస్తారు. కాస్త తేలికగా ఉందని మీ అంతట మీరు మందు మానేయకండి.