చెల్లో వాయించే వాళ్ళు డబుల్ బేస్ పడితే ఎడమ చెయ్యి ఎలా మార్చుకోవాలి

చెల్లో అలవాటున్న వాళ్ళు బేస్ పట్టుకోగానే నాలుగు వేళ్ళూ నాలుగు సెమీటోన్ల (పక్కపక్క స్వరస్థానాల) మీద పరిచేస్తారు, నేనూ అదే చేశా, రెండు రోజులకే చిటికెన వేలు మొదలు దగ్గర ఒకటే నొప్పి.

కారణం సింపుల్. చెల్లో తీగ సుమారు 69 సెంటీమీటర్లు, బేస్ తీగ 105 దాకా వస్తుంది. ఫస్ట్ పొజిషన్‌లో (మెడ పై చివర దగ్గర చెయ్యి మామూలుగా ఉండే చోట) చూపుడు వేలుకీ చిటికెన వేలుకీ మధ్య రెండిట్లోనూ దాదాపు 10 సెంటీమీటర్లే, చెయ్యి అదే కదా మరి, కానీ ఆ పదిలో చెల్లో మీద మూడు సెమీటోన్లు పడితే బేస్ మీద రెండే పడతాయి.

అందుకే వియన్నాలో ఫ్రాంజ్ సిమాండ్ల్ అనే బేస్ గురువు నేర్పిన పద్ధతిలో కింది పొజిషన్లలో, అంటే తక్కువ స్వరాల దగ్గర, 1, 2, 4 వేళ్ళే వాడతారు (1 అంటే చూపుడు వేలు, పియానోలోలా బొటనవేలు కాదు). ఉంగరం వేలు ఊరికే ఉండదు, చిటికెన వేలుకి తోడుగా నొక్కుతుంది, బేస్ తీగ లావు చూశాక ఆ తోడు ఎందుకో మీకే తెలుస్తుంది. చెల్లోలో 1కీ 2కీ మధ్య సాగదీసే ఎక్స్‌టెన్షన్ ఉంటుంది చూడండి, అది ఇక్కడ కొన్నాళ్ళు మర్చిపోండి.

శ్రుతి కూడా వేరే. చెల్లో సి, జి, డి, ఏ, అంటే పక్క తీగ స కి ప లాగా. బేస్ ఈ, ఏ, డి, జి, అంటే స కి శుద్ధ మ. తీగకి వేళ్ళు తక్కువ పడతాయి కాబట్టి పక్క తీగ శ్రుతి దగ్గరగా ఉండటం మంచిదే అయింది.

ఇప్పుడు డి మేజర్ స్కేలు వాయించి చూడండి (0 అంటే వేలు పెట్టని ఖాళీ తీగ). చెల్లోలో డి తీగ మీద 0 1 3 4, ఏ తీగ మీద మళ్ళీ 0 1 3 4, చెయ్యి కదలదు. బేస్‌లో డి తీగ మీద 0 1 4, జి తీగ మీద 0 1 4, అక్కడ షిఫ్ట్ చేసి, అంటే చెయ్యి జరిపి, 2 4. ఆ షిఫ్ట్‌లో చెయ్యి బ్రిడ్జి వైపు దాదాపు 15 సెంటీమీటర్లు జరగాలి, వేలు చాపి అందుకోవడం కుదరదు, మోచేతి నుంచి మొత్తం చెయ్యి వెళ్ళాలి, మెడ వెనక బొటనవేలు 2వ వేలుకి ఎదురుగానే ఉంటూ కూడా రావాలి. చాలామందికి బొటనవేలు వెనకే ఉండిపోతుంది, శ్రుతి తప్పేది అక్కడే. మొదట బో పక్కన పెట్టి పిజికాటోలో, అంటే వేలితో మీటుతూ, ఆ ఒక్క షిఫ్టే మెల్లగా పదిసార్లు చెయ్యండి.

బాగా పై స్వరాలకి, థంబ్ పొజిషన్‌కి వెళ్ళాక బొటనవేలు తీగ మీదకొస్తుంది, ఉంగరం వేలు విడిగా పనిలోకి దిగుతుంది, చిటికెన వేలుకి మాత్రం సాధారణంగా సెలవు. అక్కడ చెల్లో వాళ్ళకి కాస్త ఇంటికొచ్చినట్టు ఉంటుంది.