ఏరు ఎక్కడ పాడవుతోందో కనిపెట్టడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఏటి ఒడ్డున పెరిగిన తెలుగువారిలో ‘నీళ్లు ఇదివరకటిలా లేవు’ అనని వారు అరుదు. ఎందుకు పాడయ్యాయని అడిగితే మాత్రం ‘అంతా పైనుంచే వస్తోంది’ అన్న మాటే వినిపిస్తుంది. ఆ ‘పైన’ అంటే ఎక్కడో తేల్చడానికే నీటి పరిశీలన. దీనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. నలుగురు మనుషులు, ఒక నోటు పుస్తకం, కొన్ని పరికరాలు, ఒక ఏడాది ఓపిక చాలు. అయితే ఒకే చోట ముంచిన ఒక సీసా నీళ్లు ఏరు పాడైందని చెప్పగలవే గాని, ఎవరివల్ల పాడైందో చెప్పలేవు. కారణం ఎప్పుడూ రెండు చోట్ల కొలతల మధ్య, రెండు కాలాల కొలతల మధ్య ఉంటుంది. కింద చెప్పే పద్ధతంతా ఈ పోలిక కోసమే.

నీటిని ముట్టుకునే ముందు ఒడ్డు వెంట నడవాలి. ఏరు సన్నబడి ఇసుక మేటలు బయటపడే ఫిబ్రవరి నుంచి మే వరకు ఇందుకు అనువైన కాలం. దాగి ఉన్న గొట్టాలు, కల్వర్టు కింది నుంచి వచ్చే మురుగు అప్పుడే కంటపడతాయి. ఏటిలో కలిసే ప్రతి గెడ్డను (వాగును), ప్రతి మురుగు కాలువను, బట్టలుతికే రేవును, శ్మశానాన్ని, చెత్త పోసే గట్టును, ఇసుక లారీలు దిగే దారిని పటం మీద గుర్తించాలి. ఏ నది అన్నదీ స్పష్టంగా రాయాలి: మహేంద్రగిరి నుంచి దిగే మహేంద్రతనయలు రెండున్నాయి. ఒకటి పర్లాకిమిడి మీదుగా వచ్చి వంశధారలో కలుస్తుంది, మరొకటి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది పేరు మాత్రమే రాసిన ఫిర్యాదు తప్పు దారి పట్టే వీలుంది.

తరువాత స్థలాల ఎంపిక. పట్టణానికి ఎగువన, మనుషుల తాకిడి తక్కువగా ఉన్న చోట ఒకటి తప్పనిసరి. తక్కిన కొలతలన్నిటికీ అదే ప్రమాణం. ఆపైన అనుమానించిన ప్రతి కాలువకు మూడేసి చోట్లు ఎంచుకోవాలి: కాలువ కలిసే చోటికి కాస్త ఎగువన, కాలువలోనే, కలిసిన తరువాత దిగువన. ఈ మూడో చోటు దగ్గరే ఎక్కువ మంది పొరపడతారు. కలిసిన మురుగు వెంటనే ఏరంతా పరచుకోదు. చాలా దూరం ఒక గట్టును అంటిపెట్టుకునే పారుతుంది. కాబట్టి దిగువన ఎడమ, నడుమ, కుడి అని మూడు నమూనాలు తీసి, మూడూ దాదాపు సమానమయ్యే దాకా కిందికి వెళ్లాలి. వంశధార కొంత దూరం ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌ రాష్ట్రాలకు సరిహద్దుగానే పారుతుంది గనుక, అక్కడ ఒక్క గట్టున తీసిన నీళ్లు ఒక్క రాష్ట్రపు కాలువల కథే చెప్పే అవకాశం ఉంది. గట్ల మీద తగవు పెట్టుకునే ముందు రెండు గట్ల నీళ్లూ తీయండి.

వేళ గురించి మా అనుభవం చెప్పాలి. మొదటి ఏడాది ఎగువ నమూనా తెల్లవారుజామున తీసి, టీ తాగి, తీరిగ్గా బయలుదేరి దిగువ నమూనా మిట్టమధ్యాహ్నం తీశాము. లెక్క చూస్తే మురుగు కలిసిన చోటే నీటిలో ప్రాణవాయువు ఎక్కువగా ఉంది! ఏరు తనను తాను బాగు చేసుకుంటోందని సంబరపడి ఒక కాగితం కూడా రాసేశాము. నిజానికి మురుగులోని పోషకాలతో పెరిగిన పాచి ఎండ పూట ప్రాణవాయువును వదులుతుంది, రాత్రంతా తిరిగి పీల్చుకుంటుంది. అందుకే అన్ని చోట్లా ఒకే వేళకు, వీలైతే సూర్యోదయానికి ముందు కొలవాలి. చేపలకు ఊపిరాడని సమయమూ అదే.

సీసా ముంచేవారు ప్రవాహానికి ఎదురుగా నిలబడాలి, కాళ్లతో రేపిన బురద వెనక్కి పోయేలా. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, జానెడు లోతున నింపాలి. కోలిఫాం (నీటిలో మలం కలిసిందేమో పట్టిచ్చే సూక్ష్మజీవులు) పరీక్షకు ఇచ్చే శుద్ధి చేసిన సీసాను మాత్రం కడగకూడదు. మూత లోపలి వైపు వేలు తగలకుండా నింపి, ఐసు పెట్టెలో ఉంచి అదే రోజు ప్రయోగశాలకు చేర్చాలి.

కరిగిన ప్రాణవాయువును, అంటే డీవోను, గట్టు మీదే బంధించాలి. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను బుడగ మిగలకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటు, ఆపైన ఆల్కలీ అయొడైడ్ ద్రావణం వేసి మూత బిగించి తలకిందులు చేస్తే, లోపల గోధుమ రంగు మడ్డి మేఘంలా విచ్చుకుని నెమ్మదిగా అడుగుకు దిగుతుంది. రంగు ఎంత చిక్కనైతే ప్రాణవాయువు అంత ఎక్కువ. మడ్డి తెల్లగానే ఉండిపోతే ఆ నీటిలో ఊపిరి లేనట్టే. 25 డిగ్రీల దగ్గర మంచి నీరు లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువును ఇముడ్చుకోగలదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో స్నానానికి పనికివచ్చే నీటిలో డీవో లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీవోడీ (నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువు) 3కు మించకూడదు, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి.

కారణాన్ని పట్టించేది ఏ ఒక్క అంకె కాదు, అంకెల జత. అమ్మోనియా, క్లోరైడు, కోలిఫాం మూడూ కలిసి పెరిగితే ఇళ్ల మురుగును అనుమానించాలి. నైట్రేటు, ఫాస్ఫేటు పెరిగి కోలిఫాం అంతగా పెరగకపోతే పొలాల ఎరువుల వైపు చూడాలి. పీహెచ్ ఉన్నట్టుండి తేడాపడినా, బీవోడీ మామూలుగా ఉండి సీవోడీ (మురుగును రసాయనాలతో ఆక్సీకరించడానికి పట్టే ప్రాణవాయువు) బాగా పెరిగినా కార్ఖానా వ్యర్థం కావచ్చు. బురద మాత్రమే పెరిగితే ఎగువన ఇసుక తవ్వకమో, కొత్తగా నరికిన కొండవాలో ఉంటుంది. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) చూపే మీటరు చవకైనదే అయినా ఇక్కడ బాగా పనికొస్తుంది: ఒడ్డు వెంట వంద అడుగులకోసారి ముంచుకుంటూ పోతే, అంకె ఉన్నట్టుండి పెరిగిన చోట కనబడని గొట్టమేదో ఉన్నట్టు లెక్క.

కంపు కొట్టే కాలువే దోషి అనుకోవడం సహజం, కాని ఎంత చిక్కగా ఉందన్న దానితో పాటు ఎంత పారుతోందన్నదీ చూడాలి. ప్రవాహం కొలవడానికి ఒక నిమ్మకాయ చాలు: పది మీటర్ల దూరం అది ఎన్ని సెకన్లలో పోతుందో చూసి, వచ్చిన వేగాన్ని వెడల్పుతోను, సగటు లోతుతోను, పైనీటి వేగం ఎక్కువ గనుక 0.85తోను గుణించాలి. ఒక చిన్న కాలువ సెకనుకు ఒక లీటరు పారుతూ, దాని బీవోడీ లీటరుకు 300 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. అది రోజుకు ఏటిలో వేసేది 26 కిలోలు. అంతగా వాసన రాని పెద్ద కాలువ సెకనుకు 20 లీటర్లు పారుతూ, దాని బీవోడీ 60 ఉంటే, అది వేసేది దాదాపు 104 కిలోలు. ముక్కు ఈ లెక్క చేయలేదు.

ఇదంతా ఏడాది పొడవునా, కనీసం నెలకొకసారి జరగాలి. వేసవిలో ఏరు తగ్గినప్పుడు చిక్కబడే కాలుష్యం నిత్యం పారే గొట్టానిదో, మురుగు కాలువదో అయి ఉంటుంది. తొలకరి వానతో ఒక్కసారిగా ఎగబాకేది పొలాల నుంచి, వీధుల నుంచి, చెత్త గుట్టల నుంచి కొట్టుకు వచ్చినది. ఈ ఒక్క పోలికతోనే సగం తగవులు తీరిపోతాయి.

మీటరు చూడని రోజున ఏం జరిగిందో రాళ్ల కింది పురుగులు చెబుతాయి. మోకాటి లోతు నీటిలో రాయి తిరగేస్తే, ఇసుక రేణువులతో గూడు అల్లుకున్న పురుగులు, సన్నని తోకల చిరుజీవులు కనిపిస్తే నీరు కొన్ని నెలలుగా బాగున్నట్టే. ఎర్రని దారంలాంటి పురుగులు మాత్రమే మిగిలితే, ఆ పూట మీటరు మంచి అంకె చూపినా నమ్మకండి.

ఫిర్యాదు దశలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం కోర్టులో సాక్ష్యంగా నిలిచేది నిర్ణీత పద్ధతిలో అధికారులు తీసిన నమూనాయే. మన కొలతలు అలా చెల్లవు. అవి పనికివచ్చేది అధికారులను సరైన చోటికి, సరైన వేళకు రప్పించడానికి. 1988 సవరణతో 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి పౌరులు కూడా కోర్టులో ఫిర్యాదు చేసే వీలు కలిగింది. కాబట్టి కాగితం మీద ఆవేశం తగ్గించి స్థలం, తేదీ, వేళ, ఎగువ అంకె, దిగువ అంకె, కాలువ ప్రవాహం రాయండి. సరిహద్దు నీళ్లయితే ఒడిశా, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్లు రెండింటికీ ఒకే రోజున పంపండి, ఎవరికి పంపారో రెండింటిలోనూ పేర్కొనండి. నోటు పుస్తకంలో కొట్టివేసిన అంకెలను చించేయకుండా అలాగే ఉంచండి. తనిఖీకి వచ్చిన అధికారి మొదట తిప్పి చూసేది ఆ పుస్తకాన్నే.