టెస్లా కాయిల్ డ్రైవర్‌ని టెస్ట్ చేయడానికి ఏమేం కొనాలి? ముందు ప్రోబ్, తర్వాతే స్కోప్

"ఎన్ని మెగాహెర్ట్జ్ స్కోప్ తీసుకోవాలి?" టెస్లా కాయిల్ (గాలిలోకి మెరుపులు చిమ్మే హై వోల్టేజి కాయిల్) మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ముందు ఇదే అడుగుతారు. స్కోప్ అంటే ఆసిలోస్కోప్, వోల్టేజి మారే తీరుని తెరమీద గీతగా చూపించే పరికరం. ప్రోబ్ అంటే దానికి సిగ్నల్ తెచ్చే వైరు. విని విని విసుగొచ్చింది. ఉన్న డబ్బంతా 200 మెగాహెర్ట్జ్ స్కోప్ మీద పోసి, దాని గ్రౌండ్ క్లిప్‌ని తీసుకెళ్లి కరెంటున్న బ్రిడ్జికి తగిలించి, ఒక్క చప్పుడుతో అన్నీ పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో మొదటివాణ్ణి నేనే.

ఇక్కడ చెప్పేది ఇంటి 230 వోల్టుల కరెంటుని నేరుగా డీసీ చేసి, హాఫ్ బ్రిడ్జితో, అంటే ఒకదాని తర్వాత ఒకటి ఆన్ అయ్యే రెండు మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లతో నడిపే సాలిడ్ స్టేట్ కాయిల్ గురించి. ఆ మాస్‌ఫెట్ల గేట్లకి సిగ్నల్ ఇచ్చే సర్క్యూటే డ్రైవర్. స్పార్క్ గ్యాప్ కాయిల్ లెక్క వేరు. మన కాయిల్‌లో డీసీ 325 వోల్టుల దాకా వస్తుంది. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఆ వోల్టేజికి నిండితే అందులో 50 జూల్స్ పైనే ఉంటుంది. ప్లగ్గు పీకినా అది ఎక్కడికీ పోదు. మనిషి ప్రాణం తీయడానికి అది చాలు. ఇంటి వైరింగ్ ముట్టుకోవడానికే భయమేస్తుంటే ఈ పని ఇంకొన్నాళ్లు ఆపండి, తప్పేం లేదు.

చిల్లర సామాను

మల్టీమీటర్ మీదా, దాని వైర్ల మీదా కూడా "క్యాట్ త్రీ 600 వోల్ట్స్" అని ఉండాలి, అది మెయిన్స్ మీద వాడటానికి సరిపడే భద్రతా రేటింగ్. బండి మీద దొరికే పసుపు మీటర్ బ్యాటరీలు చూసుకోవడానికి ఉంచుకోండి. ఫంక్షన్ జనరేటర్ 1 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తే చాలు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బుతో ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డు (కరెంటు బల్బు గుండానే లోడుకి వెళ్లేది) ఒకటి కట్టుకోండి. ఎల్ఈడీ బల్బు దానికి పనికిరాదు. కెపాసిటర్ ఖాళీ చేయడానికి 10 కిలో ఓమ్‌ల, 20 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ కావాలి. 30 వోల్టుల ల్యాబ్ పవర్ సప్లై కూడా. హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే వీటిలో చాలావరకు దొరుకుతాయి.

స్కోప్

మామూలు హాబీ కాయిల్ 100 నుంచి 400 కిలోహెర్ట్జ్ మధ్య మోగుతుంది. గేట్ సిగ్నల్ అంచు లేవడానికి 50 నుంచి 100 నానోసెకన్లు పడుతుంది. 50 మెగాహెర్ట్జ్ స్కోప్ 7 నానోసెకన్ల అంచుని చూపించగలదు. ఇంకెందుకు 200? ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఛానెళ్లు మాత్రం నాలుగు ఉండాల్సిందే. రెండు గేట్లు, ప్రైమరీ (బ్రిడ్జి నడిపే తక్కువ చుట్ల తీగ) కరెంటు, కాయిల్ నుంచి డ్రైవర్‌కి తిరిగొచ్చే ఫీడ్‌బ్యాక్ సిగ్నల్, ఈ నాలుగూ ఒకే తెరమీద కనిపిస్తేనే ఏది ముందు, ఏది వెనక అన్నది తేలుతుంది. రెండింటితో సరిపెట్టుకోవచ్చనే వాళ్లున్నారు, వాళ్లతో వాదించి లాభం లేదు. రిగోల్ డీఎస్1054జెడ్ లాంటి నాలుగు ఛానెళ్ల స్కోప్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా కళ్లకద్దుకుని తీసుకోండి. లాప్‌టాప్‌కి గుచ్చే యూఎస్‌బీ స్కోప్ వద్దు, పోతే లాప్‌టాప్‌తో సహా పోతుంది. ప్రోబ్ స్విచ్ ఎప్పుడూ 10X లోనే (సిగ్నల్‌ని పదో వంతు చేసి పంపే చోట) ఉండాలి.

గ్రౌండ్ క్లిప్

ఇక్కడ నిదానంగా చదవండి.

స్కోప్ ప్రోబ్‌కి వేలాడే ఆ చిన్న క్లిప్ మల్టీమీటర్ నల్ల వైరు లాంటిది కాదు. అది స్కోప్ బాడీ మీదుగా, మూడు పిన్నుల ప్లగ్గులోని లావు పిన్ను మీదుగా ఇంటి ఎర్త్‌కి నేరుగా కలిసి ఉంటుంది. నాలుగు ఛానెళ్ల నాలుగు క్లిప్పులూ లోపల ఒకటే తీగ.

ఇప్పుడు మీ బ్రిడ్జి సంగతి చూడండి. గోడ సాకెట్ నుంచి కరెంటు నేరుగా రెక్టిఫైయర్‌కి వెళ్తోంది. నెగటివ్ రైలు (డీసీ మైనస్ తీగ) అంటే అందరూ "గ్రౌండే కదా" అనుకుంటారు. కాదు. ప్రతి సైకిల్‌లో ఒక సగంలో ఆ రైలు డయోడ్ మీదుగా ఫేజ్‌తో కలుస్తుంది. సెకనుకి 50 సార్లు అది ఎర్త్ కంటే 325 వోల్టుల కిందికి దిగుతుంది. అక్కడ క్లిప్ తగిలిస్తే ఫేజ్ నుంచి డయోడ్, డయోడ్ నుంచి క్లిప్, క్లిప్ నుంచి ఎర్త్. నికార్సయిన షార్ట్ సర్క్యూట్. ఎంసీబీ పడేలోపే క్లిప్ మొన ఆవిరైపోతుంది. నా టేబుల్ మీద ఆ నల్లమచ్చ ఇంకా ఉంది. స్కోప్ లేదు.

దీనికి చాలామంది చెప్పే చిట్కా, స్కోప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేయమని. ఎవరైనా ఈ సలహా ఇస్తే వాళ్ల దగ్గర ఇంకే సలహా తీసుకోకండి. పిన్ను పీకితే షార్ట్ అవ్వదు, నిజమే. కానీ క్లిప్ ఎక్కడుంటే స్కోప్ బాడీ కూడా ఆ వోల్టేజి మీదే ఉంటుంది. నాబ్ తిప్పబోయి పక్కనున్న కనెక్టర్ లోహాన్ని తాకారంటే అంతే. అసలు పాత ఇళ్లలో సాకెట్ ఎర్త్ ఉత్తుత్తిదే అయి ఉండొచ్చు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టండి. 230 దగ్గర చూపించకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

సరైన దారి డిఫరెన్షియల్ ప్రోబ్. దాని రెండు వైర్లలో ఏదీ ఎర్త్‌కి నేరుగా కలవదు. ఎక్కడైనా రెండు పాయింట్ల మధ్య తేడా మాత్రమే స్కోప్‌కి పంపుతుంది. కొనేటప్పుడు మూడు చూడండి. ఒకటి, ఎర్త్‌తో పోల్చి ఎంత వోల్టేజి తట్టుకుంటుంది. 1000 పైన ఉంటే నిశ్చింత. రెండు, రేంజీలు. కొన్నిటికి 50X, 500X అని రెండు ఉంటాయి. 15 వోల్టుల గేట్ సిగ్నల్‌ని 500Xలో చూస్తే స్కోప్‌కి చేరేది 30 మిల్లీవోల్టులే, అంతా గరగరగా ఉంటుంది. కాబట్టి చిన్న రేంజి తప్పనిసరి. మూడు, బ్యాండ్‌విడ్త్ 50 మెగాహెర్ట్జ్‌కి తగ్గకూడదు.

కొన్నాక దాని నిజాయితీ పరీక్షించండి. కాయిల్ ఆపి, రెండు వైర్లనూ బ్రిడ్జి మధ్య పాయింట్‌కే తగిలించండి. చెయ్యి దూరంగా తీసేసి, తక్కువ వోల్టేజితో నడపండి. తేడా సున్నా కాబట్టి తెరమీద గీత తిన్నగా ఉండాలి. ఉండదు, ప్రతి స్విచింగ్‌కీ కాస్త ఎగురుతుంది. ఆ ఎగిరినంతా ప్రోబ్ చెప్పే అబద్ధం. రేపు పై మాస్‌ఫెట్ గేట్ మీద అదే ఆకారం కనిపిస్తే గేట్ రెసిస్టర్ మార్చడానికి పరిగెత్తకండి. రెండు వైర్లనూ మెలిపెడితే ఆ అబద్ధం చాలా తగ్గుతుంది.

డిఫరెన్షియల్ ప్రోబ్ కొనే స్తోమత ఇప్పుడే లేదా? అయితే కరెంటున్న బ్రిడ్జి జోలికి పోకండి. ప్లగ్గు పీకి, కెపాసిటర్ ఖాళీ చేసి, డ్రైవర్‌కి మాత్రం విడి అడాప్టర్ నుంచి పవర్ ఇచ్చి, ఫంక్షన్ జనరేటర్‌తో నడపండి. అడాప్టర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదే అయి ఉండాలి. డ్రైవర్ నుంచి గేట్లకి సిగ్నల్ చేర్చే గేట్ ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలు విడివిడిగా ఉంటాయి కాబట్టి మామూలు ప్రోబ్‌తోనే రెండు గేట్లూ, మధ్యలో రెండూ ఆఫ్‌లో ఉండే డెడ్ టైమూ హాయిగా చూడొచ్చు. నేను పట్టుకున్న తప్పుల్లో చాలావరకు ఇక్కడ దొరికినవే. ఎక్కువసార్లు ఒక వైండింగ్ తిరగబడి, రెండు మాస్‌ఫెట్లూ ఒకేసారి ఆన్ అవుతుంటాయి.

కరెంటు ఇచ్చే వరస

ముందు బ్రిడ్జికి ల్యాబ్ సప్లై నుంచి 30 వోల్టులు. బాగుంటే సిరీస్ బోర్డు మీదుగా మెయిన్స్. బల్బు నిండుగా వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే, కానీ మాస్‌ఫెట్లు బతికి ఉంటాయి. ఆ తర్వాతే డిమ్మర్‌స్టాట్ (నాబ్ తిప్పి వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్). ఇది 20 వోల్టులు ఇస్తున్నా ఫేజ్ నుంచి మిమ్మల్ని విడదీయదు, లోపల ఉన్నది ఒకే వైండింగ్. విడదీయాలంటే 1:1 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. వైండింగ్ షాపులో 500 వాట్లది చుట్టించుకోవచ్చు. దాన్ని కాయిల్ వైపు పెట్టాలి, స్కోప్ వైపు కాదు. అది ఉన్నంత మాత్రాన ధీమా వద్దు. ఒక క్లిప్ తగిలించగానే ఆ పాయింట్ మళ్లీ ఎర్త్ అయిపోతుంది, రెండో క్లిప్ ఇంకోచోట తగిలిస్తే షార్టే.

ప్రైమరీ కరెంటు చూడటానికి ఏమీ కొనకండి, కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ మీరే చుట్టుకోండి. ఫెర్రైట్ రింగు మీద 33 చుట్లు, అలాంటి రింగులు రెండు తీసుకుని, మొదటిదాని తీగని రెండోదాని రంధ్రంలోంచి పోనిస్తే దాదాపు 1000కి 1 నిష్పత్తి వస్తుంది. చివర 10 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 100 ఆంపియర్లకి సుమారు 1 వోల్టు.

కాయిల్ సెకండరీకి (హై వోల్టేజి వచ్చే ఎక్కువ చుట్ల కాయిల్‌కి) ప్రోబ్ ఎప్పుడూ తగిలించవద్దు. మీటరు దూరంలో ప్రోబ్ మొనకి జానెడు వైరు వేలాడదీస్తే సిగ్నల్ దానంతటదే వస్తుంది. కాయిల్ నిప్పులు కక్కే వేళకి ఆ వైరు కూడా తీసేసి, స్కోప్‌ని గది అవతలికి జరపండి.

ప్రతిసారీ క్లిప్ ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చే ముందు ప్లగ్గు పీకి, రెసిస్టర్‌ని కెపాసిటర్‌కి నిమిషం పాటు పట్టి ఉంచి, మల్టీమీటర్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. ఆ మీటర్ పని చేస్తోందో లేదో కూడా ముందే ఒక బ్యాటరీ మీద చూసుకోండి.