ముందు దిండు తీసేయండి

మనిషి స్పృహ తప్పి పడిపోగానే పల్లెలోనైనా పట్నంలోనైనా చుట్టూ ఉన్నవాళ్లు తల కింద దిండు పెడతారు. దిండు అందకపోతే తలను ఒళ్లో పెట్టుకుంటారు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. అయితే తల ఎత్తు కాగానే గడ్డం ఛాతీ మీదికి వంగుతుంది. స్పృహ లేనివాళ్లలో కండరాలు సడలి, నాలుక అప్పటికే వెనక్కి జారి ఉంటుంది. రెండూ కలిసి గొంతు మూసేస్తాయి. నేను 108 అంబులెన్సులో ఈఎంటీని, అంటే దారిలో అత్యవసర చికిత్స చేసే టెక్నీషియన్ని. గడప దాటగానే ఆ దిండు లాగేస్తాను. సిలిండరు, బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు ఆ తర్వాత. ఊపిరి దారి మూసుకుపోయిన మనిషి ముఖం మీద ఎంత ఆక్సిజన్ వదిలినా అది గదిలోకే పోతుంది.

కొత్తగా అంబులెన్సు ఎక్కిన పిల్లలకు నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఎవరైనా చేయదగినవి కొన్ని ఉన్నాయి. పరికరాలతో పని మాత్రం శిక్షణ పొందినవాళ్లదే.

మొదట భుజం తట్టి గట్టిగా పిలవండి: "అమ్మా, కళ్లు తెరవండి. ఏమైంది?" మామూలు గొంతుతో పూర్తి వాక్యం పలికితే ప్రస్తుతానికి దారి తెరిచే ఉంది. రెండు మాటలకే ఊపిరి అందక ఆగిపోతుంటే కేసు తీవ్రమైనదని అక్కడే తెలిసిపోతుంది. అసలు పలకకపోతే పది సెకన్లకు మించకుండా ఛాతీ లేస్తోందా, ఊపిరి చప్పుడు ఉందా, మెడ పక్కన నాడి ఆడుతోందా చూడాలి. ఇక్కడ బంధువుల మాట నమ్మవద్దు. "ఊపిరి ఉంది సార్" అంటారు. చూస్తే అర నిమిషానికోసారి దవడ తెరుచుకుంటుంది, మెడ ఎగురుతుంది, ఛాతీ మాత్రం కదలదు. అది ఎగశ్వాస, గుండె ఆగిందనడానికి గుర్తు. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

దారి తెరవడం చేతులతోనే అయ్యే పని. ఒక అరచేయి నుదుటి మీద పెట్టి తలను వెనక్కి వంచండి. రెండో చేతి రెండు వేళ్లతో గడ్డం ఎముకను పైకి ఎత్తండి. వేళ్లు ఎముక మీదే ఉండాలి. దాని వెనక మెత్తటి చోట నొక్కితే నాలుక ఇంకా పైకి లేచి దారి మూసుకుంటుంది. లావుగా ఉన్నవాళ్లకు దిండు తీసేస్తే చాలదు. భుజాల కింద, తల కింద దుప్పట్లు మడిచి పెట్టి, చెవి రంధ్రమూ రొమ్ము ఎముక పై అంచూ ఒకే ఎత్తుకు తేవాలి. నెలల పిల్లలకు తల వెనక భాగం పెద్దది కాబట్టి భుజాల కింద చిన్న తువ్వాలు మడత పెట్టి, ముఖం ఆకాశం వైపు చూసేలా ఉంచితే సరిపోతుంది. పెద్దవాళ్లలా మెడ వెనక్కి విరిచేయకూడదు.

బైకు ప్రమాదంలో పడినవాళ్ల తలను వంచవద్దు. తల వెనక మోకాళ్ల మీద కూర్చుని, చెవుల కింద దవడ మలుపు వెనక వేళ్లు పెట్టి, దవడను ముందుకు నెట్టండి. పైలట్‌ను, అంటే అంబులెన్సు డ్రైవరును, తల కదలకుండా పట్టుకోమనండి. అలా నెట్టినా గాలి ఆడకపోతే తల వంచక తప్పదు. మెడ ఎముక విరిగిందేమో అనే భయంతో మనిషిని ఊపిరాడకుండా వదిలేయలేం కదా.

దారి తెరిచాక చెవి పెట్టి వినండి. గురక వస్తుంటే నాలుక ఇంకా అడ్డుగా ఉంది. చాలామంది గురక విని "హాయిగా నిద్రపోతున్నాడు" అనుకుంటారు. తాగి పడిపోయినవాళ్ల విషయంలో ఈ మాట మరీ ఎక్కువగా వింటాం. గొంతులో గుళగుళమంటే లోపల ద్రవం ఉంది: రక్తమో, వాంతో, కళ్లెనో. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కీచుమంటే గొంతు పైభాగం ఇరుకైంది, ఆ మనిషిని కదిలించకుండా, ఏడిపించకుండా తీసుకెళ్లాలి. వదిలేటప్పుడు ఛాతీలో పిల్లికూతలు వస్తే లోపలి గొట్టాలు బిగుసుకున్నాయి. ఆస్తమా మనిషిలో ఆ కూతలు ఉన్నట్టుండి ఆగిపోయి, ముఖం మాత్రం అలాగే వాడిపోయి ఉంటే నయమైందని సంబరపడకండి. కూత రావడానికి చాలినంత గాలి కూడా ఆడడం లేదన్నమాట.

గుళగుళ వినిపిస్తే నోరు తెరిచి చూడండి. మా కేసుల్లో ఎక్కువగా దొరికేవి ఊడిన కట్టుడు పళ్లు, వక్క ముక్కలు, బుగ్గలో దాచుకున్న గుట్కా. కంటికి కనిపించేది తీసేయండి. కనిపించనిదాని కోసం వేలు పెట్టి వెతకవద్దు, లోపలికి పోతుంది. కట్టుడు పళ్లు బిగుతుగా ఉంటే మాత్రం ఉండనివ్వండి, బుగ్గలు లోపలికి పోకుండా మాస్కు బాగా కూర్చుంటుంది. సక్షన్ అంటే గొంతులోని ద్రవాన్ని మిషనుతో పీల్చేయడం. ఆ గొట్టాన్ని కంటికి కనిపించినంత వరకే పంపాలి, బయటికి తీసేటప్పుడే లాగాలి, పెద్దవాళ్లకు ఒక్కో విడత 15 సెకన్లు దాటకూడదు. మీరు లాగేది కళ్లెతో పాటు గాలిని కూడా. వాంతి భళ్లున వస్తే ఏ మిషనూ చాలదు. మనిషిని మొత్తంగా పక్కకు తిప్పేయడమే మార్గం.

నోట్లో పెట్టే ప్లాస్టిక్ ఎయిర్‌వేను పెదవి మూల నుంచి దవడ మలుపు వరకు ముఖం పక్కన పెట్టి కొలవండి. పొట్టిదైతే నాలుకను వెనక్కి నెడుతుంది, పొడుగైతే ఊపిరిగొట్టం మీది మూతను నొక్కుతుంది. పెద్దవాళ్లకు తలకిందులుగా పెట్టి అంగిలి దాటాక తిప్పాలి. పిల్లలకు నాలుకను కిందికి నొక్కి తిన్నగానే పెట్టాలి. పెడుతుండగా వాంతి వచ్చినట్టు ఉలిక్కిపడితే వెంటనే తీసేయండి. కిమ్మనకుండా పెట్టనిచ్చారంటే వాళ్ల గొంతు తనను తాను కాపాడుకోలేదని అర్థం. ఇక ఆ తల దగ్గర నుంచి కదలవద్దు.

ఇప్పుడు ఊపిరి లెక్క. ఏ కేసు షీటు తిరగేసినా శ్వాస 20 అనే ఉంటుంది, జిల్లా జనమంతా ఒకే తాళానికి ఊపిరి పీలుస్తున్నట్టు! లెక్కపెట్టకుండా రాసే అంకె అది. నిజానికి మనిషి దిగజారుతున్నాడని చాలాసార్లు బీపీ కంటే ముందుగా చెప్పేది శ్వాస వేగమే. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే ఎవరైనా తీరు మార్చేస్తారు. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకునే కళ్లు ఛాతీ మీద పెట్టండి. దుప్పటి, చీర అడ్డమైతే ఆ చేతినే పొట్ట పైభాగం మీద ఆనించండి. క్రమంగా ఉంటే అర నిమిషం లెక్కించి రెట్టింపు చేయవచ్చు. పిల్లలకు, తడబడుతున్న ఊపిరికి నిండు నిమిషం లెక్కించాల్సిందే.

పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. 30 దాటినా, 10 కంటే తగ్గినా ప్రమాదమే. పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులు గుర్తుపెట్టుకోండి: 2 నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ల లోపు 40. ఆ అంకెను చేరినా, దాటినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. తల్లులు "డొక్కలు ఎగరేస్తున్నాడు" అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. బట్టలు తీసి చూడండి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతుంటే ఆసుపత్రికి బయలుదేరాల్సిందే. అప్పటిదాకా ఏడ్చిన బిడ్డ అలసిపోయి మౌనంగా అయిపోతే ఇంకా తొందరపడాలి.

పెద్దవాళ్లలో కూర్చునే తీరు చూడండి. మోకాళ్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగి, మెడ నరాలు బిగబట్టి, చెమటతో తడిసి ఉంటే వాళ్లను పడుకోబెట్టవద్దు. స్ట్రెచరు తల వైపు ఎత్తి, కూర్చోబెట్టే తీసుకెళ్లండి. ప్రమాదంలో దెబ్బ తిన్నవాళ్లలో ఛాతీ రెండు వైపులా సమానంగా లేస్తోందా చూసి, లేవకపోతే ఫోనులో డాక్టరుకు అప్పుడే చెప్పండి.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు మంచి పరికరమే, దాని పరిమితులు తెలిసినవాళ్ల చేతిలో. వేళ్లు చల్లబడినా, బీపీ పడిపోయినా, గోళ్లకు ముదురు రంగు ఉన్నా తప్పు చూపిస్తుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లకు 98 చూపిస్తూనే ఉంటుంది, మనిషి మాత్రం పోతుంటాడు. కార్బన్ మోనాక్సైడు పట్టుకున్న రక్తాన్ని అది మంచి రక్తంగానే చదువుతుంది. పైగా ఆక్సిజన్ పెట్టాక అంకె బాగున్నా ఊపిరి లెక్క పడిపోతూ ఉండవచ్చు.

94 పైన హాయిగా ఉన్న మనిషికి ఊరికే ఆక్సిజన్ పెట్టనవసరం లేదు. ఏళ్ల తరబడి చుట్టలు కాల్చి, లేదా కట్టెల పొయ్యి పొగలో వంట చేసి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు 88 నుంచి 92 ఉంటే చాలు. సంచి ఉన్న మాస్కు పెడితే నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు ఇవ్వాలి, ముఖానికి తొడగకముందే సంచి నింపాలి. బయలుదేరే ముందు లెక్క వేసుకోండి: నిండు బీ టైపు సిలిండరులో దాదాపు 1500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి 10 చొప్పున రెండున్నర గంటలు. గేజి సగంలో ఉంటే గంటంపావు. నల్లమల అంచు తండా నుంచి జిల్లా ఆసుపత్రికి పోయేటప్పుడు ఈ లెక్కే మిమ్మల్ని కాపాడుతుంది. ఇంకో మాట, పేషెంటు దగ్గర అగరుబత్తి, దీపం, బీడీ ఆర్పించకుండా వాల్వు తిప్పవద్దు.

ఊపిరి చాలకపోతే, చేత్తో నొక్కి గాలి అందించే అంబు బ్యాగు. 1956లో డెన్మార్కులో హోల్గర్ హెస్సే, హెన్నింగ్ రూబెన్ రూపొందించిన సంచి ఇది. కరెంటు, సిలిండరు లేకపోయినా గాలిని తనే నింపుకుంటుంది. కష్టమంతా మాస్కు పట్టుకోవడంలోనే ఉంది. ఒక్క చేత్తో గాలి పోకుండా పట్టడం అనుభవం ఉన్నవాళ్లకు కూడా కష్టం. పైలట్ స్టీరింగు మీద ఉంటాడు కాబట్టి నేను మాస్కును రెండు చేతులతో పట్టి, దవడను మాస్కులోకి ఎత్తి, వెంట వచ్చిన బంధువుతో నొక్కిస్తాను: "అన్నా, నేను ఆరు అన్నప్పుడు మాత్రమే నొక్కండి, మెల్లగా." ఆరు సెకన్లకోసారి, ఒక్కో ఊపిరి ఒక సెకను, ఛాతీ లేవడం కనిపించగానే ఆపాలి. కంగారులో అందరూ దబదబ నొక్కేస్తారు. ఆ గాలి పొట్టలోకి పోయి వాంతి తెస్తుంది. పిల్లలకైతే రెండు మూడు సెకన్లకోసారి.

పత్తి, మిర్చి పండే ఊళ్లలో పురుగుమందు కేసులు తప్పవు. వెళ్లేసరికి వాంతి కావాలని ఉప్పునీళ్లో సబ్బునీళ్లో పట్టించి ఉంటారు. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే మందుకు తోడు మరో ఆపద. కంటిపాప సూదిమొనంత, నోట్లో నురగ, ఛాతీ నిండా చెమ్మ. గ్లవుజులు వేసుకుని బట్టలు తీసేయండి, ఎడమ పక్కకు తిప్పండి, మళ్లీ మళ్లీ సక్షన్ చేయండి, ఆక్సిజన్ పెట్టి, విరుగుడు మందు అట్రోపిన్ కోసం కాల్ సెంటరు డాక్టరును అడగండి.

కట్లపాము వేరే రకం. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి అని ఫోను వస్తుంది. రెప్పలు వాలుతున్నాయా, దిండు మీద నుంచి తల ఎత్తగలరా, ఉమ్మి మింగగలరా చూడండి. ఒకే ఊపిరిలో ఒకటి నుంచి అంకెలు లెక్కపెట్టమనండి. నిబ్బరంగా ఉన్నవాళ్లు నలభై దాకా పోతారు. దారిలో పది నిమిషాలకోసారి అడుగుతుంటే ముప్పై, ఇరవై రెండు, పదిహేను అని తగ్గుతుంది. ఆ దిగుడు కనిపించగానే అంబు బ్యాగు చేతికి అందేలా పెట్టుకోండి. ఒంట్లో ఒక్క కండరం కదలక, కంటిపాప వెలుగుకు స్పందించక శవంలా ఉన్నా ఆ మనిషికి మన మాటలు వినిపిస్తూ ఉండవచ్చు. బంధువులను ఏడవనివ్వకండి, "తాతా, నేను ఊపిరి అందిస్తున్నాను, ఆసుపత్రికి పోతున్నాం" అని చెవిలో చెబుతూ నొక్కుతూనే ఉండండి. కృత్రిమ శ్వాస ఆగకపోతే ఇలాంటివాళ్లు లేచి ఇంటికి నడిచి వెళ్లగలరు.

గొంతులో చింతగింజో శనగగింజో ఇరుక్కున్న పిల్ల గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు, మాట ఆగిపోతే ముందుకు వంచి భుజాల మధ్య అయిదు దెబ్బలు, ఆ తర్వాత బొడ్డుకు పైన అయిదు నొక్కులు, వస్తువు బయటపడేదాకా. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు, రొమ్ము ఎముక మీద నొక్కాలి. స్పృహ తప్పితే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో తాళాలు పెట్టినా ఊపిరికి ఒరిగేది ఏమీ లేదు, పళ్ల మధ్య చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. పక్కకు తిప్పి ఉంచితే చాలు.

క్యాజువాలిటీలో అప్పగించేటప్పుడు "ఆయాసం కేసు" అని వదిలేయకండి. మేము వెళ్లినప్పుడు శ్వాస ఎంత, ఆక్సిజన్ పెట్టకముందు అంకె ఎంత, పెట్టాక ఎంత, దారిలో ఎన్నిసార్లు సక్షన్ చేశాం, ఇవి చెప్పండి. ఆక్సిజన్ పెట్టిన తర్వాతి అంకె ఒక్కటే విన్న డ్యూటీ డాక్టరు మనిషి బాగున్నాడనుకునే ప్రమాదం ఉంది.

తిరిగి బయలుదేరే ముందు సక్షన్ సీసా కడిగి, గొట్టం నోటికి అరచేయి అడ్డుపెట్టి పీలుస్తోందో లేదో చూడండి. అంబు బ్యాగు నోరు బొటనవేలితో మూసి నొక్కండి, గట్టిగా ఎదురు నిలవాలి, మెత్తగా కుంగితే వాల్వు పోయినట్టే. సిలిండరు తాళంచెవిని గొలుసుతో సిలిండరుకే కట్టి ఉంచండి, జేబులో వేసుకుని డ్యూటీ దిగిపోయేవాళ్లు ప్రతి బేసులోనూ ఒకరుంటారు.